కప్పలు, వడగళ్లు, కన్నీళ్లు: బైబిల్ తెగుళ్లు బొమ్మలైన వైనం

1631లో రోమ్ నగరంలో ఒక వజ్రాల దొంగతనం కేసు నడిచింది. నిందితుడు ఫాబ్రిజియో వాల్గ్వర్నేరా, సిసిలీ నుంచి వచ్చిన పెద్దింటివాడు. దొంగ వజ్రాలను సొమ్ము చేసుకోవడానికి అతను ఎంచుకున్న దారి బొమ్మలు కొనడం. రోమ్‌లో పేరున్న చిత్రకారుల ఇళ్లన్నీ తిరిగి, నచ్చినవి బేరమాడి పట్టుకుపోయాడు. కోర్టు ఆ చిత్రకారులను పిలిపించి వాంగ్మూలాలు తీసుకుంది. అలా వచ్చినవాళ్లలో ఫ్రాన్సు నుంచి వచ్చి రోమ్‌లో స్థిరపడిన నికొలా పూసాన్ ఒకడు. తన ఇంట్లో ఇంకా పూర్తికాని ఒక బొమ్మను చూసి వాల్గ్వర్నేరా ముచ్చటపడ్డాడనీ, ముగించి ఇమ్మన్నాడనీ ఆయన చెప్పాడు. నిందితుడు జైల్లోనే చనిపోయాడు. బొమ్మ మాత్రం చేతులు మారి 1665లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దగ్గరికి చేరింది. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఆ బొమ్మ పేరు ‘అష్డోదు తెగులు’. కథ బైబిల్ పాత నిబంధనలోని సమూయేలు మొదటి గ్రంథంలోది. యుద్ధంలో గెలిచిన ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల పవిత్ర మందసాన్ని ఎత్తుకుపోయి, అష్డోదులో తమ దేవుడు దాగోను గుడిలో పెడతారు. తెల్లారి చూస్తే దాగోను విగ్రహం మందసం ముందు బోర్లా పడి ఉంటుంది. నిలబెడితే మర్నాడు మళ్లీ పడుతుంది, ఈసారి తలా చేతులూ విరిగి. ఆ తర్వాత ఊరంతా గడ్డలు లేచి జనం చనిపోవడం మొదలవుతుంది.

పూసాన్ గుడినీ, మందసాన్నీ, విరిగిన విగ్రహాన్నీ ఎడమవైపు ఒక వారకు పెట్టాడు. మన కన్ను పడేది వాటి మీద కాదు. నడివీధిలో చనిపోయి పడి ఉన్న ఒక తల్లి మీద. ఒంటి రంగు పసుపుపచ్చగా, మట్టిరంగుకు తిరిగింది. పక్కనే ఒక పసిబిడ్డ శవం. ఇంకో బిడ్డ బతికే ఉన్నాడు, పాల కోసం ఆమె రొమ్ము దగ్గరికి పాకుతున్నాడు. ఒక మనిషి వంగి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఆ బిడ్డను పక్కకు తీయబోతున్నాడు. ఈ తల్లీబిడ్డల దృశ్యాన్ని పూసాన్ సొంతంగా ఊహించలేదు. వందేళ్ల కిందట రాఫెల్ గీసిన నమూనా నుంచి మార్కాంటోనియో రైమొండీ చెక్కిన ముద్రాచిత్రంలో ఉన్నదే. కానీ పూసాన్ దాన్ని వీధి మధ్యకు తెచ్చి, మందసం కన్నా ముందు నిలిపాడు.

వీధిలో ఎలుకలు కూడా తిరుగుతుంటాయి. ఇవాళ చూసేవాడికి ఇందులో వింతేం లేదు, ప్లేగంటే ఎలుకలే కదా. కానీ ప్లేగు సూక్ష్మజీవిని అలెగ్జాండ్ర్ యెర్సిన్ హాంకాంగ్‌లో కనిపెట్టింది 1894లో. ఎలుకల మీది గోమార్ల ద్వారా అది మనిషికి సోకుతుందని పాల్ లూయీ సిమోన్ కరాచీలో తేల్చింది 1898లో. పూసాన్‌కు ఈ సంగతేమీ తెలియదు. ఆయన బైబిల్ చదివి ఎలుకలు వేశాడు. తెగులు తీరడానికి ఫిలిష్తీయులు ఐదు బంగారు గడ్డలు, ఐదు బంగారు ఎలుకలు చేయించి కానుకగా పంపారని కథలో ఉంది. ఇటలీలో 1630 ప్లేగు వెనిస్ జనాభాలో సుమారు మూడో వంతును మింగింది, మిలన్‌ను ఖాళీ చేసింది. రోమ్ మాత్రం తప్పించుకుంది. పక్క ఊళ్ల నుంచి రోజూ వస్తున్న వార్తల మధ్య పూసాన్ ఈ బొమ్మ వేశాడు.

కోర్టు కాగితాల్లో ఈ బొమ్మకున్న పేరు వేరు: దాగోను గుడిలో మందసం చేసిన అద్భుతం. అద్భుతం అని పిలిచిన బొమ్మను లోకం క్రమంగా తెగులు అని పిలవడం మొదలుపెట్టింది. ఎందుకో బొమ్మ ముందు నిలబడితే తెలుస్తుంది. దేవుడి మహిమ గురించి రాయొచ్చు, పాడొచ్చు. గీయాలంటే మేఘంలోంచి చాచిన ఒక చెయ్యి తప్ప గీయడానికి ఏముంది? అందుకే చిత్రకారుడు ఆ చెయ్యి ఎవరి మీద పడిందో వాళ్లను గీస్తాడు. గీస్తూ గీస్తూ, తనకు తెలియకుండానే, కథలో ఓడిపోయినవాళ్ల పక్షాన చేరతాడు. బైబిల్ తెగుళ్ల బొమ్మలను వరసగా చూసుకుంటూ వస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది.

వీటిలో అందరికీ తెలిసినవి నిర్గమకాండంలోని పది తెగుళ్లు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా మగ్గుతున్న హెబ్రీయులను విడిచిపెట్టమని మోషే, అతని అన్న అహరోను అక్కడి రాజు ఫరోను అడుగుతారు. ఫరో ఒప్పుకోడు. నైలు నీళ్లు రక్తమవుతాయి. కప్పలు ఇళ్లలోకి, పడకల మీదికి, పిండి పిసికే తొట్లలోకి ఎక్కుతాయి. తర్వాత పేలు, ఈగలు, పశువుల చావు, దద్దుర్లు, వడగళ్లు, మిడతల దండు, మూడు రోజుల చీకటి. చివరగా ఒకే రాత్రి ఇంటింటా తొలిచూలు బిడ్డ మరణం. గుమ్మాలకు గొర్రెపిల్ల రక్తం పూసుకున్న హెబ్రీయుల ఇళ్లను మాత్రం ఆ మరణం దాటిపోతుంది. ఆ దాటిపోవడం గుర్తుగా యూదులు ఏటా జరుపుకునేదే పస్కా. తమను యూదు వంశీకులుగా చెప్పుకునే బెనే ఎఫ్రాయిము సమాజం గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోనూ ఈ పండుగ చేసుకుంటుంది.

ఇంతకీ ఆ ఫరో ఎవరు? గ్రంథం పేరు చెప్పదు. చిత్రకారులకు అది పెద్ద వెసులుబాటైంది. ఎవరి కాలపు రాజును వాళ్లు సింహాసనం మీద కూర్చోబెట్టారు.

పస్కా రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని చదువుకునే పుస్తకాన్ని హగ్గదా అంటారు. తెగుళ్ల బొమ్మలకు అదొక పెద్ద నెలవు. 1320 ప్రాంతంలో బార్సిలోనా దగ్గర తయారైన ఒక హగ్గదా ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బొమ్మల వెనక నేలంతా బంగారు రేకు అద్ది ఉండటంతో దానికి ‘బంగారు హగ్గదా’ అని పేరొచ్చింది. పుస్తకం పెద్దదేం కాదు, ఎత్తు పాతిక సెంటీమీటర్లకు లోపే. పద్నాలుగు పేజీల నిండా బొమ్మలు, పేజీకి నాలుగేసి గళ్లు. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. ఆ వలసలోనే ఈ పుస్తకం ఇటలీకి చేరి ఉంటుందంటారు. అక్కడ 1602లో యోవావ్ గాలికో అనే తండ్రి దీన్ని తన కూతురు రోసా పెళ్లికి అల్లుడికి కానుకగా ఇచ్చాడు. ఆ సంగతి పుస్తకంలోనే రాసి ఉంది.

ఇందులో కప్పల బొమ్మ చూడాల్సిందే. గ్రంథం ప్రకారం నదిలోంచి కప్పలు దండుగా వచ్చిపడాలి. ఇక్కడ మాత్రం అహరోను కర్రతో ఒక పెద్ద కప్పను కొడుతున్నాడు, దాని ఒంట్లోంచి చిన్న కప్పలు ఎగిరి వస్తున్నాయి. ఇది యూదు గురువులు తరతరాలుగా చెప్పుకున్న కథ. మొదట వచ్చింది ఒకే కప్ప అనీ, దాన్ని కొట్టినకొద్దీ గుంపులు గుంపులుగా పుట్టుకొచ్చాయనీ అంటారు. గీసేవాడికి ఈ కథ దేవుడిచ్చిన వరం. వెయ్యి కప్పలు గీస్తే చుక్కల మయం తప్ప ఏమీ కనబడదు. ఒక్క పెద్ద కప్పను గీస్తే కథంతా అందులోనే ఉంటుంది. పైగా నవ్వు కూడా వస్తుంది. పండుగ రాత్రి నిద్రకు తూగే పిల్లలను మేలుకొలిపి ఉంచాల్సిన పుస్తకానికి ఆ నవ్వు చాలా అవసరం.

నాలుగో తెగులు దగ్గర యూదుల బొమ్మలూ క్రైస్తవుల బొమ్మలూ దారులు విడిపోతాయి. క్రైస్తవుల బైబిళ్లలో, తెలుగు బైబిల్‌తో సహా, అది ఈగల గుంపు. యూదు సంప్రదాయంలో ఎక్కువమంది అది క్రూరమృగాల మంద అంటారు. అందుకే క్రైస్తవ చిత్రకారులు కంటికి ఆనని ఈగలతో తిప్పలు పడుతుంటే, హగ్గదాల్లో సింహాలు, ఎలుగుబంట్లు జనం మీద దూకుతుంటాయి. ఎవరి బొమ్మ బాగుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అచ్చు యంత్రం వచ్చాక ఈ బొమ్మలు మామూలు ఇళ్లలోకీ చేరాయి. 1609లో వెనిస్‌లో అచ్చయిన హగ్గదాలో పది తెగుళ్లకూ పది చెక్క అచ్చు బొమ్మలు ఉన్నాయి, పరమపదసోపాన పటంలో గళ్లలా వరసగా. ఆ ఊళ్లో ఉండే యూదులు మూడు భాషలవాళ్లు కాబట్టి ఇటాలియన్, స్పానిష్, యిద్దిష్ అనువాదాలతో మూడు రకాలుగా వేశారు. బొమ్మలు మాత్రం అందరికీ అవే. 1695లో ఆమ్‌స్టర్‌డామ్ హగ్గదాకు రాగి రేకుల మీద బొమ్మలు చెక్కినవాడు అబ్రహాం బార్ యాకోబ్. ఈయన ఒకప్పుడు క్రైస్తవ పాస్టరు, తర్వాత యూదు మతంలోకి మారాడు. మారేటప్పుడు తన బొమ్మల జ్ఞాపకాలను వదిలిపెట్టలేదు. మాథ్యూస్ మేరియన్ అనే స్విస్ చిత్రకారుడు క్రైస్తవుల కోసం చేసిన బైబిల్ బొమ్మలే ఆయనకు నమూనాలు. తర్వాతి తరాల యూదు కుటుంబాలు ఎన్నో ఆ బొమ్మలనే తమ సొంతమనుకుని పెరిగాయి.

ఇప్పటిదాకా చూసిన హగ్గదా బొమ్మలన్నీ పట్టికలు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయే బొమ్మలు. వీటిలో ఐగుప్తీయులకు ముఖాలున్నాయి గానీ మనసులు లేవు. ఒళ్లంతా గోక్కుంటారు, పడిపోతారు, అంతే.

ఇక ఒక్కో తెగులునూ విడిగా చూపిన బొమ్మల సంగతి. ఆరో తెగులు దద్దుర్లు. కొలిమిలోని బూడిద మోషే ఆకాశంలోకి చల్లగా మనుషులకూ పశువులకూ పొక్కులు లేచాయని కథ. 1411లో తయారైన ‘టోగెన్‌బర్గ్ బైబిల్’లో దీని బొమ్మ ఉంది. మంచం మీద ఆలుమగలు పడుకుని ఉన్నారు, ఒళ్లంతా ఎర్రటి బొబ్బలు. ఈ బొమ్మను మీరు తప్పకుండా చూసే ఉంటారు. కాకపోతే ఈ పేరుతో కాదు. పద్నాలుగో శతాబ్దంలో యూరప్‌ను ఊడ్చేసిన ‘బ్లాక్ డెత్’ ప్లేగుకు బొమ్మగా పత్రికలు, పాఠ్యపుస్తకాలు, వెబ్‌సైట్లు దశాబ్దాలుగా దీన్నే వాడుకుంటున్నాయి. నిజానికి ప్లేగు గడ్డలు గజ్జల్లో, చంకల్లో, మెడ దగ్గర లేస్తాయి, ఇలా ఒళ్లంతా పొక్కుల్లా రావు. బెర్లిన్ మ్యూజియంలో ఉన్న ఈ పేజీ గీసినవాడు గీసింది మోషే కథ. లోకం దాన్ని తన కథగా చదువుకుంది.

పేరు ఒకటి, బొమ్మ ఇంకొకటి కావడంలో ఆంగ్లేయ చిత్రకారుడు టర్నర్‌కు ఇంకా గట్టి రికార్డే ఉంది. 1800లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఆయన ‘ఐగుప్తు ఐదో తెగులు’ అనే పెద్ద తైలవర్ణ చిత్రం పంపాడు. ఐదో తెగులంటే పశువుల చావు. బొమ్మలో ఉన్నది మాత్రం వడగళ్లూ నిప్పూ, అంటే ఏడో తెగులు. ప్రదర్శన జాబితాలో ఆయన ఇచ్చుకున్న బైబిల్ వచనం కూడా ఏడో తెగులుదే. వచనం ఒప్పు, అంకె తప్పు. సరిచేసినవాడు లేడు. ఎనిమిదేళ్ల తర్వాత అదే దృశ్యాన్ని ముద్రాచిత్రంగా వేసినప్పుడు కూడా ఐదో తెగులనే వేశాడు.

అప్పటికి టర్నర్ వయసు పాతికేళ్లు. ఈజిప్టు ఎన్నడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అయితే 1798లో నెపోలియన్ సేనలతో ఈజిప్టుకు వెళ్లడం, నైలు ముఖద్వారం దగ్గర ఆంగ్లేయ నౌకాదళం అతని ఓడలను తగలబెట్టడంతో లండన్‌లో అందరి నోటా ఈజిప్టు మాటే. బొమ్మలో నడిమధ్యన ఒక తెల్లటి పిరమిడ్, దాని వెనక సుడి తిరుగుతున్న నల్లటి మబ్బు. ముందువైపు పడి ఉన్న శవాలు, చచ్చిన గుర్రం. చేతులెత్తి నిలబడ్డ మోషే ఒక పక్క చిన్నగా కనిపిస్తాడు. మనుషులు ఇక్కడ లెక్కలోకి రారు, ఆకాశమే కథానాయకుడు. జీవితమంతా టర్నర్‌ను ఆకాశానికెత్తిన విమర్శకుడు జాన్ రస్కిన్‌కు ఈ బొమ్మ మాత్రం నచ్చలేదు. పిరమిడ్లు ఇటుక బట్టీల్లా ఉన్నాయని ఎద్దేవా చేశాడు. ఆ మబ్బును చూస్తే మాత్రం రస్కిన్ మాటతో ఏకీభవించడం కష్టం.

కొన్నవాడి సంగతి ఇంకా విడ్డూరం. 150 గినీలు పెట్టి దీన్ని కొన్నది విలియం బెక్‌ఫర్డ్, అప్పటి ఇంగ్లండ్‌లో మహా సంపన్నుల్లో ఒకడు. ఆ సంపద జమైకాలో బానిసల చేత పండించిన చెరకు తోటల నుంచి వచ్చింది. బానిసలను విడిచిపెట్టని రాజు మీద పడిన దేవుడి ఆగ్రహాన్ని, బానిసల చెమటతో వచ్చిన డబ్బుతో కొని గోడకు తగిలించుకున్నాడన్నమాట. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలోని ఇండియానాపొలిస్ మ్యూజియంలో ఉంది.

టర్నర్ మబ్బును నమ్ముకుంటే జాన్ మార్టిన్ కట్టడాలను నమ్ముకున్నాడు. 1823లో ఆయన వేసిన ‘ఐగుప్తు ఏడో తెగులు’ బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. రెండు మీటర్లకు పైగా వెడల్పు. స్తంభాల వెనక స్తంభాలు, మెట్ల వెనక మెట్లు, రేవులో ఓడలు, దూరాన పిరమిడ్లు, వాటన్నిటి మీదా గిరగిరా తిరిగే తుపాను. అరచేతిలో పట్టేంత మోషే చెయ్యి చాచి ఉంటాడు. మార్టిన్ కూడా ఈజిప్టు గడప తొక్కలేదు. ఆ రోజుల్లో ప్రచురితమవుతున్న కట్టడాల బొమ్మల పుస్తకాలే ఆయన యాత్ర. పండితులు ఆయన్ను ఆడంబరమని తీసిపారేసినా, జనం ఆయన బొమ్మలు చూడ్డానికి ఎగబడ్డారు, ముద్రాచిత్రాలు కొని ఇళ్లలో పెట్టుకున్నారు.

ఆ ఎగబడే జనాన్ని ఇరవయ్యో శతాబ్దంలో సినిమా అందుకుంది. సెసిల్ బి. డెమిల్ 1956లో తీసిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’లో పెద్ద పెద్ద మెట్లు, స్తంభాలు, చిన్న మనుషులు చూస్తే మార్టిన్ గుర్తుకు రాక మానడు. కానీ పది తెగుళ్లలో డెమిల్ తెర మీద చూపించినవి కొన్నే. నీళ్లు రక్తమవుతాయి, నిప్పు వడగళ్లు పడతాయి, చివరకు మరణం ఆకుపచ్చటి పొగలా ఆకాశం నుంచి దిగి వీధుల్లో పాకుతుంది. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. మరి కప్పలు? వాటి గురించి ఫరో నోట ఒక డైలాగు చెప్పించి సరిపెట్టాడు. ఎక్కడో కొండ నుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చింది, నీళ్లు పాడై కప్పలు గట్టెక్కాయి, ఇందులో దేవుడి పనేముందని ఫరో కొట్టిపారేస్తాడు. హేతువాదాన్ని దుష్టపాత్ర నోట పెట్టడం డెమిల్ తెలివి. 2014లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఎక్సోడస్: గాడ్స్ అండ్ కింగ్స్’ ఇంకో అడుగు వేసి, మొసళ్లు ఎగబడి చంపడం వల్లే నైలు ఎర్రబడినట్టు చూపించింది. చరిత్రను వక్రీకరించిందంటూ ఈజిప్టు ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించింది.

తొమ్మిదోది చీకటి. చేత్తో తడిమితే తగిలేంత చిక్కటి చీకటి అని గ్రంథం చెబుతుంది. దీన్ని గీయడం ఎలా? నల్లరంగు పూసేస్తే బొమ్మ ఉండదు, మనుషులు కనబడితే చీకటి ఉండదు. ఈ చిక్కును చిత్రకారుల కన్నా ముందు విప్పినవాడు ఒక సంగీతకారుడు. 1739 ఏప్రిల్‌లో లండన్‌లో మొదటిసారి వినిపించిన హాండెల్ ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’లో తెగుళ్లన్నీ స్వరాలుగా నడుస్తాయి. కప్పల దగ్గర వయొలిన్లు గెంతుతాయి, ఈగల దగ్గర అవే వయొలిన్లు రొద పెడతాయి. చీకటి వచ్చేసరికి పాట అడుగు తీసి అడుగు వేయడానికి తడుముకుంటుంది. ఏ శ్రుతిలో ఉన్నామో వినేవాడికి అంతుపట్టదు. దారి తప్పడం అంటే ఏమిటో చెవికి తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో చీకటిని ఇంత బాగా పట్టిన రంగుల బొమ్మ ఒక్కటీ లేదు.

బొమ్మల్లో ఆ పని చేసింది ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ డోరే. 1866లో వచ్చిన ఆయన బొమ్మల బైబిల్ లోకమంతా తిరిగింది. బొమ్మలు రెండు వందలకు పైనే. డోరే దగ్గర రంగులు లేవు, చెక్క మీద చెక్కిన నల్లగీతలే. చీకటికి అదే కలిసొచ్చింది. గీత మీద గీత పేర్చుకుంటూ పోతే చీకటికి ఒక పోగు, ఒక నేత వస్తుంది. అందులోంచి మనుషులు సగం సగం తేలుతుంటారు.

ఇక పదోది. ఇక్కడికి వచ్చేసరికి నవ్వించే కప్పలూ లేవు, సుడిగాలి వేడుకా లేదు. పస్కా భోజనాల దగ్గర యూదులు ఒక్కో తెగులు పేరు చెబుతూ వేలు ముంచి ఒక్కో ద్రాక్షారసపు చుక్కను పళ్లెంలో విదిలిస్తారు. పది తెగుళ్లకు పది చుక్కలు. మన విముక్తి కోసం వేరేవాళ్ల బిడ్డలు చనిపోయారు కాబట్టి మన గిన్నెలో సంతోషం కాస్త తగ్గాలి అని, ఇవాళ ఎక్కువమంది దీనికి చెప్పే అర్థం. 

ఈ ఆలోచనను రంగుల్లో పెట్టినవాడు లారెన్స్ అల్మా-టాడెమా. నెదర్లాండ్స్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఈయన 1872లో ‘ఫరో తొలిచూలు కొడుకు మరణం’ వేశాడు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. చీకటి గది. ఫరో నిటారుగా, రాతి విగ్రహంలా కూర్చున్నాడు. నగలన్నీ ఒంటి మీదే ఉన్నాయి. ఒళ్లో అడ్డంగా కొడుకు శవం. తల్లి కొడుకు గుండెల మీద వాలిపోయింది. చుట్టూ నేల మీద కూర్చున్నవాళ్లు దుఃఖంలో వంగిపోయి ఉన్నారు. ఫరో ఒక్కడే ఏడవడు. ఎటూ చూడడు. ఈజిప్టు నగలు, ఆసనాలు, వస్త్రాలు మ్యూజియాల్లో చూసి, పుస్తకాలు తిరగేసి, ఒక్కొక్కటీ పట్టిపట్టి గీశాడు. కానీ ఆ పాండిత్యమంతా ఆ ముఖం ముందు పక్కకు తప్పుకుంటుంది.

మోషే, అహరోను ఎక్కడ? కుడివైపు, వెనకాల, మసక వెలుతురులో గదిలోకి వస్తూ చిన్నగా ఉన్నారు. వేల ఏళ్లుగా కథానాయకులైనవాళ్లు ఈ బొమ్మలో చావింటికి వచ్చిన పరాయివాళ్లు. అల్మా-టాడెమా తన మంచి బొమ్మల్లో ఇదొకటని నమ్మి, అమ్ముకోకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఐదేళ్ల తర్వాత, 1877లో, అమెరికా చిత్రకారుడు చార్ల్స్ స్ప్రేగ్ పియర్స్ రాజును కూడా తీసేశాడు. ‘ఐగుప్తు తొలిచూలు బిడ్డల మరణానికి విలాపం’ అన్న ఆయన బొమ్మ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. పియర్స్ ఈజిప్టు వెళ్లి చూసి వచ్చినవాడు. బొమ్మలో పిరమిడ్ లేదు, నైలు లేదు, మోషే లేడు. ఒక గోడ, నేల మీద చాప, ఒక తండ్రి, ఒక తల్లి, వాళ్ల ముందు చిన్న శవపేటిక. తెగులు పేరు తెలియనివాడు చూసినా అర్థమయ్యే బొమ్మ. తెగుళ్ల బొమ్మలన్నిటిలో చిన్న మాటతో పెద్ద కథ చెప్పింది ఇదే.

1998లో వచ్చిన యానిమేషన్ సినిమా ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ పిల్లల సినిమా అయినా ఈ పదో తెగులు దగ్గర వెనక్కి తగ్గలేదు. తెల్లటి వెలుగు వీధుల్లో తిరుగుతుంటే సంగీతం ఆగిపోతుంది. ఒక పిల్లాడు నీళ్ల కుండ ఎత్తుకుని గుమ్మంలోకి వెళ్తాడు. ఒక ఊపిరి శబ్దం, కుండ పగిలిన చప్పుడు. తర్వాత గుమ్మం దగ్గర పిల్లాడి చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. కోట్లు ఖర్చుపెట్టి తీసిన, ఎర్రసముద్రం చీలే దృశ్యం కన్నా చాలామందికి గుర్తుండిపోయింది ఆ కుండే అయితే ఆశ్చర్యం లేదు.

వీటిలో చాలా బొమ్మలు చూడ్డానికి ఆమ్‌స్టర్‌డామ్, వాషింగ్టన్ వెళ్లనక్కర్లేదు. రైక్స్ మ్యూజియం, స్మిత్సోనియన్ తమ వెబ్‌సైట్లలో ఈ చిత్రాలను ఉచితంగా చూడనిస్తున్నాయి. అల్మా-టాడెమా బొమ్మను ఫోన్ తెర మీద కాకుండా వీలైతే కంప్యూటర్‌లో, పెద్దది చేసుకుని చూడండి. మోషే, అహరోను ఉన్న ఆ కుడివైపు మూల చిన్న తెర మీద నల్లమరకలా కలిసిపోతుంది.